తపాలా బిళ్లపై గానమూర్తి

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చదివిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయోత్సవములలో గ్రంథములను గూర్చియో, కవులను గూర్చియో ప్రసంగించుట వాడుక. నేటి ప్రసంగమునకు విషయమైనది గ్రంథము కాదు. అరచేతిలో నిముడు చిన్న కాగితపు ముక్క. సంగీత విద్వాంసురాలు శ్రీమతి ఎం. ఎస్. సుబ్బులక్ష్మి స్మారకముగా భారత తపాలా శాఖవారు 2005వ సంవత్సరము డిసెంబరు 18వ తేదీన వెలువరించిన తపాలా బిళ్ల యది. దాని వెల అయిదు రూపాయలు. ఆమె అంతకు ముందటి సంవత్సరము డిసెంబరు 11వ తేదీన చెన్నపట్టణమున పరమపదించిరి. ఏడాది నిండి ఏడు దినములు గడచునప్పటికి ఆమె రూపము దేశమందలి ఉత్తరములపైకి వచ్చినది.

ఇంత చిన్న కాగితమును గూర్చి నిండు సభలో చెప్పవలసిన దేమున్నదని కొందరికి తోచవచ్చును. గింజను చూచి పంటను, చిట్టాను చూచి కాపురమును చెప్పగల పెద్దలు ఈ సభలో నున్నారు. చిన్న వస్తువులలో పెద్ద లెక్కలు దాగియుండునని వారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఈ బిళ్ల వెనుకను ఒక లెక్క యున్నది. దేశము ఆమెకు ఇచ్చినదేమి, తెలుగువారు ఆమెనుండి పుచ్చుకొన్నదేమి, ఇంకను తీర్చవలసినదేమి అని మూడు పద్దులుగా దానిని చూడవచ్చును.

మొదట, బిళ్ల యనగా నేమి? 1840వ సంవత్సరమునకు పూర్వము ఇంగ్లండు దేశమున ఉత్తరపు కూలిని సాధారణముగా అందుకొనువారే చెల్లించెడివారు. దూరమును బట్టి ఆ కూలి పెరుగుచుండెను. బీదవారు కూలి యిచ్చుకొనలేక తమవారి ఉత్తరమును కంట జూచి త్రిప్పి పంపుటయు కలదు. రోలండ్ హిల్ అను సంస్కర్త, పంపువారే ముందుగా కూలి చెల్లింపవలెననియు, దూరముతో నిమిత్తము లేక తూకమును బట్టి దేశమంతటను ఒకే కూలి యుండవలెననియు వాదించి నెగ్గెను. కూలి ముట్టినదనుటకు గుర్తుగా 1840 మే నెలలో విక్టోరియా రాణి ముఖముతో ఒక పెన్నీ వెలగల నల్లని బిళ్ల వెలువడినది. ప్రపంచమున తొలి తపాలా బిళ్ల యదియే. మన దేశమున 1852లో సింధు ప్రాంతమునకు మాత్రమును, 1854లో బ్రిటిషు ఇండియా అంతటికిని బిళ్లలు ఏర్పడినవి.

కావున బిళ్ల యనగా రసీదు. కూలి ముట్టినది, చేర్చు బాధ్యత మాది అని ప్రభుత్వము ప్రజలకు వ్రాసియిచ్చు మాట. ఆ మాటకు సాక్షిగా ఎవరి ముఖమును నిలుపవలెనను ప్రశ్న అందువలన చిన్నది కాదు. పరప్రభుత్వ కాలమున ఆ స్థానము రాణిది, రాజుది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1947 నవంబరులో జాతీయ పతాకము బిళ్లకెక్కినది. 1948 ఆగస్టు 15న గాంధీ మహాత్ముని బిళ్లలు వచ్చినవి. 1952లో కబీరు, తులసీదాసు, మీరాబాయి, సూరదాసు, గాలిబు, రవీంద్రుడు అను ఆరుగురి రూపములతో బిళ్లలు వెలువడినవి. రాజు కూర్చున్న పీటపై దేశము కవులను కూర్చుండబెట్టినది. ఇది గమనింపదగిన మార్పు.

బిళ్లలలో రెండు తెగలున్నవి. నిత్యవ్యవహారమునకై మరల మరల అచ్చగునవి ఒక తెగ. ఒక వ్యక్తినో, సంఘటననో స్మరించుటకై పరిమితమైన సంఖ్యలో అచ్చువేసి అంతటితో నిలుపునవి రెండవ తెగ. ఇవియే స్మారక బిళ్లలు. జీవించి యున్నవారికి ఈ గౌరవము సాధారణముగా లేదు. 1958లో నూరేండ్లు నిండిన ధోండో కేశవ కర్వే పండితునికిని, 1960లో నూరేండ్లు నిండిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారికిని బ్రదికి యుండగనే దక్కుట అరుదైన విషయము.

సంగీతమునకు ఈ పీటపై చోటు క్రమముగా లభించినది. త్యాగరాజస్వామి బిళ్ల 1961లోను, పురందరదాసు బిళ్ల 1964లోను, ముత్తుస్వామి దీక్షితుల బిళ్ల 1976లోను, శ్యామశాస్త్రి బిళ్ల 1985లోను వచ్చినవి. ఫిడేలు నాయుడుగారని తెలుగునాట పేరొందిన ద్వారం వేంకటస్వామి నాయుడుగారి బిళ్ల 1993లోను, ఘంటసాల వేంకటేశ్వరరావుగారి బిళ్ల 2003లోను, తాళ్లపాక అన్నమాచార్యుల బిళ్ల 2004లోను వెలువడినవి. ఆ మరుసటి యేడు సుబ్బులక్ష్మిగారి వంతు వచ్చినది. పదములు కూర్చిన అన్నమయ్యయు, అయిదు వందల యేండ్ల పిదప ఆ పదములను ఇంటింట వినిపించిన గాయనియు వెనువెంటనే ఉత్తరములకెక్కుట యాదృచ్ఛికమే కావచ్చును. కాని సముచితముగా నున్నది.

ఇక ఆమె చరిత్ర. సుబ్బులక్ష్మిగారు 1916 సెప్టెంబరు 16వ తేదీన మదురైలో జన్మించిరి. పేరునకు ముందున్న రెండక్షరములలో మొదటిది ఊరు, రెండవది తల్లి షణ్ముఖవడివు. తండ్రి పేరుండవలసిన చోట తల్లి పేరున్నది. ఆ తల్లి వీణా విద్వాంసురాలు. అమ్మమ్మ అక్కమ్మాళ్ ఫిడేలు వాయించెడివారు. దేవాలయములను ఆశ్రయించి సంగీత నాట్యములను తరతరములుగా కాపాడిన దేవదాసీ సంప్రదాయము వారిది. ఆ విద్యను చెవులార విన్న సంఘమే ఆ విద్యావతులను చిన్నచూపు చూచినది. కచేరికి పిలిచి పంక్తికి పిలువని రోజులవి. గౌరవముగల ఇంటి ఆడపిల్ల పదిమందిలో పాడుటయే తప్పని తలంచిన గృహములు నాడు కొల్లలు.

ఆ ఇంట పుట్టిన బాలిక తల్లి యొద్దను, ఇతర విద్వాంసుల యొద్దను శిక్షణ పొంది, చిన్ననాడే చెన్నపట్టణపు సభలకెక్కిరి. 1938లో 'సేవాసదనము' చిత్రముతో వెండితెరకు వచ్చిరి. 1940లో స్వాతంత్ర్య సమర యోధుడైన త్యాగరాజన్ సదాశివంగారిని వివాహమాడిరి. 'సావిత్రి' చిత్రమున నారదుని పాత్ర ధరించి ఆమె గడించిన ధనము 'కల్కి' పత్రికాస్థాపనకు తోడ్పడినది. 1945లో తమిళమునను, 1947లో హిందీలోను వచ్చిన 'మీరా' చిత్రముతో ఆమె పేరు దేశమంతట మారుమ్రోగినది. ఆ తరువాత ఆమె సినిమాలలో నటింపలేదు. కచేరీనే జీవితముగా చేసికొనిరి. మీరాబాయి బిళ్ల 1952లో వెలువడినదని ఇంతకు ముందే చెప్పబడినది. మీరాగా నటించి, మీరా భజనలు పాడిన గాయనికిని ఏబదిమూడేండ్ల తరువాత అదే గౌరవము దక్కినది.

పిదప పొందిన గౌరవములు లోకవిదితములు. 1954లో పద్మభూషణ బిరుదము. 1966 అక్టోబరులో న్యూయార్కునందు ఐక్యరాజ్యసమితి సభాభవనమున కచేరి. నాడు కంచి పరమాచార్యులవారు సంస్కృతమున రచించిన మైత్రీగీతమును, రాజాజీ ఆంగ్లమున వ్రాసిన ప్రార్థనను ఆమె పాడిరి. 1968లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదము. దానిని పొందిన తొలి స్త్రీ ఆమెయే. 1974లో రామన్ మెగసేసే బహుమానము. 1998లో భారతరత్నము, సంగీత విద్వాంసులలో ఆ బిరుదమునకు తొలి పాత్రురాలు ఆమెయే.

ఈ జాబితాలో బిళ్ల చిట్టచివరిది, వెలలో మిక్కిలి చిన్నది. అయినను దానికొక విశేషమున్నది. బిరుదములు రాజధానిలో నిత్తురు; వానిని చూచువారు కొందరే. బిళ్ల అట్లు కాదు. 2005లో ఇరువది గ్రాముల లోపు సాధారణ ఉత్తరమునకు తపాలా కూలి సరిగా అయిదు రూపాయలు. అనగా ఆ బిళ్ల ఒక్క ఉత్తరమును దేశమున ఏ మూలకైన చేర్చుటకు చాలును. కోర్టు కాగితముపై, పెండ్లి శుభలేఖపై, దూరదేశమున కొలువుచేయు కొడుకు తల్లికి వ్రాసిన కవరుపై అంటుకొని అది గడపగడపకును పోగలదు. ఏ యిండ్ల గడపలు ఆమె తల్లివంటి వారిని బయటనే నిలిపినవో, ఆ గడపలను ఆమె ముఖము అడ్డులేక దాటినది. దేశము ఆమెకు చెల్లించినది ఇది. మొదటి పద్దు ఇంతటితో ముగియుచున్నది.

రెండవ పద్దు తెలుగువారిది. ఇది కొంచెము విస్తరించి చెప్పవలసినది.

సుబ్బులక్ష్మిగారి మాతృభాష తమిళము. కాని ఆమె కచేరిలో ఎక్కువ భాగము త్యాగరాజ కీర్తనలతో నిండియుండెడిది. త్యాగరాజు, దీక్షితులు, శ్యామశాస్త్రి మువ్వురును తమిళదేశమందలి తిరువారూరున జన్మించినవారు. వారిలో త్యాగరాజస్వామి, శ్యామశాస్త్రి ఎక్కువగా తెలుగున రచించిరి. ఆ కృతులను గురుశిష్య పరంపరగా కాపాడినవారిలో పెక్కండ్రు తెలుగు ఇంటిభాష కానివారు. తెలుగు మాట పాటలో నిలుచుటకు తెలుగుదేశపు వెలుపలివారు పడిన పాటు కొంచెము కాదు. ఆ పరంపరకు ఈ కాలమున శిఖరమై నిలిచినవారు సుబ్బులక్ష్మిగారు. శెమ్మంగుడి శ్రీనివాసయ్యర్ వంటి విద్వాంసుల యొద్ద ఆమె కృతులను అభ్యసించిరి. హిందూస్థానీ పద్ధతిని కాశీకి చెందిన సిద్ధేశ్వరీదేవి యొద్ద నేర్చిరి. పెక్కు భాషలలో పాడిరి. ఏ భాషలో పాడినను ఆ భాషవారు తమ బిడ్డయే పాడినదని తలంచునట్లు ఉచ్చారణను దిద్దుకొనుట ఆమె నియమము. అర్థ మెరుగక పదమును పలుకుట ఆమె దృష్టిలో అపచారము.

1963లో శ్రీ వేంకటేశ్వర సుప్రభాతము ఆమె గళమున రికార్డుగా వచ్చినది. ప్రతివాది భయంకరం అణ్ణన్ పదునైదవ శతాబ్దమున కూర్చిన ఆ సంస్కృత స్తోత్రము అంతవరకు ఎక్కువగా ఆలయముల లోపలి ధ్వని. అటుపిమ్మట అది పల్లెపల్లెకు వేకువ గుర్తయినది. కోడి కూతకు ముందే గుడి మైకు విని పొలమునకు బయలుదేరిన రైతులును, ఆ ధ్వనిలో కళ్లాపి చల్లిన ఇల్లాండ్రును ఈ సభలో ఎందరో యున్నారు. ఆ రికార్డుపై వచ్చు రాబడిని ఆమె తిరుమల తిరుపతి దేవస్థానమువారి వేదపాఠశాలకు సమర్పించిరి. ప్రజలు ఆ ధ్వనిని ఉచితముగా పుచ్చుకొనిరి. పాడినవారు దాని ఫలమును దేవునికే అర్పించిరి. లెక్క యెరిగినవారికి ఈ పద్దు ఎంత పెద్దదో తెలియును.

దానికంటెను పెద్దది అన్నమయ్య పద్దు. తాళ్లపాక అన్నమాచార్యులు 1408 మొదలు 1503 వరకు జీవించిరి. ఆయన ముప్పదిరెండు వేల సంకీర్తనలు రచించెనని ఆయన చరిత్రను ద్విపదగా వ్రాసిన మనుమడు చిన్నన్న చెప్పియున్నాడు. కుమారుడు పెదతిరుమలాచార్యుల కాలమున వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున నొక చిన్న అరలో భద్రపరచిరి. ఆ తరువాత ఎన్నో తరములు వానిని తలంచినవారు లేరు. ఇరువదవ శతాబ్దమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు పండితులు ఆ రేకులను వెదకి, చదివి, పరిష్కరించి గ్రంథములుగా ప్రకటించిరి. లభించినవి పదునాలుగు వేలకు లోపు. సగమునకు పైగా మనకు దక్కకపోయినవి.

దక్కినవానిలోను ఒక లోపము మిగిలినది. రేకులపై ప్రతి పాటకును రాగము పేరున్నది, స్వరము లేదు. పదము మిగిలినది, వరుస పోయినది. అందుచే అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, కడయనల్లూరు వేంకటరామన్‌గారు మొదలగు విద్వాంసులు వానిలో కొన్నింటికి క్రొత్తగా వరుసలు కూర్చిరి. 1980 ప్రాంతమున దేవస్థానమువారు శ్రీ వేంకటేశ్వర పంచరత్నమాల యను పేర సుబ్బులక్ష్మిగారిచే అయిదు గ్రామఫోను రికార్డులను వెలువరించిరి. అందు స్తోత్రములతో పాటు అన్నమయ్య సంకీర్తనలు చోటుచేసికొన్నవి. అప్పటికి ఆమె వయస్సు అరువది దాటినది. కీర్తికి కొరత లేదు. తెలిసిన కృతులను పాడుకొనుచు విశ్రమింపవచ్చును. అయినను ఆమె శిష్యురాలివలె కూర్చుండి, తనకంటె చిన్నవారైన విద్వాంసుల యొద్ద క్రొత్త పాటలను నేర్చి, ఇంటిభాష కాని భాషలోని పదునైదవ శతాబ్దపు మాటలను ఒక్కొక్కటిగా సాధించి పాడిరి.

ఈ క్రమమును గ్రంథాలయ చందాదారులు ప్రత్యేకముగా గమనింపవలెను. రేకు చెక్కినవాడు లేకున్న పండితునికి చదువుటకు పాఠము లేదు. పండితుడు అచ్చువేయకున్న వరుస కూర్చువానికి పదము లేదు. వరుస లేకున్న గాయనికి పాట లేదు. గాయని పాడకున్న ఆ పదములు ఎక్కువమంది తెలుగుల చెవిని పడియుండవు. ఆ గొలుసులో కడపటి కొనయందున్నవారి ముఖము మాత్రమే బిళ్లపై కనబడుచున్నది. తక్కినవారందరు ఆ ముఖము వెనుక, జిగురు పూసిన వైపున ఉన్నారు. జిగురు లేని బిళ్ల ఉత్తరమున కంటదు.

ఇక మూడవ పద్దు: తీర్చవలసినది. తిరుపతిలో 2006వ సంవత్సరమున ఆమె కాంస్య విగ్రహమును ప్రతిష్ఠించిరి. ఆమె శతజయంతి సందర్భమున 2016లో ఐక్యరాజ్యసమితి తపాలా శాఖవారును ఒక బిళ్ల వెలువరించిరి. 2017లో భారత ప్రభుత్వము ఆమె పేర స్మారక నాణెములు ముద్రించినది. ఇవన్నియు గౌరవములే. కాని గౌరవించుట వేరు, ఋణము తీర్చుట వేరు. అప్పుపడినవాడు ఋణదాతకు ఎంత పెద్ద పూలదండ వేసినను పద్దు కొట్టివేయబడదు.

నేటి స్థితి నిర్మొగమాటముగా చెప్పుకొనవలెను. ఆమె పాట నేడు ప్రతివారి జేబులోని యంత్రమునందున్నది. ఏ వేళనైన వినవచ్చును. కాని వినుచున్న పాటలో ఒక చరణమునకు అర్థము చెప్పుమన్న, తడుముకొనని తెలుగు పిల్లలు ఎందరు? పరభాషలో పుట్టిన గాయని అర్థము తెలిసికొని పలికిన మాటను, ఆ భాషలోనే పుట్టినవారు అర్థము తెలియక వినుచున్నారు. ఇది సిగ్గుపడవలసిన విషయమని కాదు. సరిదిద్దుకొనవలసిన లెక్క యని చెప్పుట. ఉచ్చారణకై అరువదియేండ్ల వయస్సున ఆమె పడిన శ్రమలో నూరవవంతు పదేండ్ల వయస్సున మన పిల్లలు పడినను ఈ పద్దు కొంత తరుగును.

తపాలా బిళ్లలు సేకరించువారు వానిని రెండు విధములుగా దాచెదరు. ముద్రపడని బిళ్ల ఒకటి. అది శుభ్రముగా, మెరయుచు నుండును. ముద్రపడిన బిళ్ల మరియొకటి. దాని ముఖముపై నల్లని సిరా, ఊరి పేరు, తేది ఉండును. మొదటిది అందమైనదే కాని ఎవరి మాటను ఎచటికిని చేర్చలేదు. రెండవది తన పని తాను చేసినది. పాటలకును ఈ భేదమున్నది. యంత్రములో దాచి, పండుగనాడు మ్రోగించి మరచు పాట ముద్రపడని బిళ్ల. అర్థము తెలిసి, నోట నిలిచి, పిల్లలకు చెప్పబడిన పాట ముద్రపడిన బిళ్ల. ఏ ఊరి ముద్ర దానిపై పడినదో ఆ ఊరికి అది చేరినట్లు లెక్క.

ఉత్తరములు వ్రాయుట తగ్గిన కాలమిది. ఒకప్పుడు తపాలా జవాను రాకకై అరుగులపై కూర్చుండి ఎదురుచూచిన గ్రామములలో నేడు కవరు అరుదైనది. బిళ్లతో మాట చేరు మార్గము సన్నగిల్లినందున, ఆ బిళ్ల స్మరింపజేసిన విషయమును చేర్చు భారము గ్రంథాలయములపై మరింత పడినది. బిళ్ల ముఖమును చూపగలదు, స్వరమును వినిపింపలేదు. యంత్రము స్వరమును వినిపింపగలదు, అర్థమును చెప్పలేదు. అర్థమును చెప్పునది గ్రంథము. దానిని విప్పి చదువునది మనుష్యుడు.

కావున ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయ కార్యవర్గమునకు మూడు సూచనలు నివేదింపబడుచున్నవి. ఒకటి: త్యాగరాజ కృతుల యొక్కయు, అన్నమాచార్య సంకీర్తనల యొక్కయు సంపుటములను తాత్పర్య సహితమైనవి చూచి తెప్పించి, బీరువాలో కాక బల్లపై నుంచవలెను. రెండు: ప్రతి శనివారము సాయంకాలము ఒక్క కీర్తనను ముందుగా చదివి, కఠినపదములకు అర్థము చెప్పి, పిమ్మట సుబ్బులక్ష్మిగారి గళమున వినిపింపవలెను. ఏడాదికి ఏబది కీర్తనలగును. అయిదేండ్లకు రెండువందల ఏబది. మూడు: ఆ కూటమిలో బాలురతో సమానముగా బాలికలకును ముందు వరుసలో చోటుండవలెను. సభలో పాడవచ్చునా యను శంక ఏ యింటనైన మిగిలియున్న, వారు ఆ బిళ్లను ఒకసారి చూతురుగాక.

ఇందుకు పెద్ద ధనము అక్కరలేదు. రెండు మూడు సంపుటముల వెల, వారమునకు ఒక గంట కాలము, తెలిసినవారు తెలియనివారికి చెప్పు ఓపిక చాలును. ఇంతమాత్రము చేసినచో, రాగిరేకుపై మొదలైన ప్రయాణము ఈ గ్రామమువరకు సాగినట్లగును. రాగిరేకు చెక్కిన శిల్పి పేరు ఎవరికిని తెలియదు. ఆ పాటను పిల్లకు నేర్పిన పల్లెటూరి తల్లి పేరును ఏ బిళ్లపైకిని రాదు. అయినను గొలుసు తెగకుండుట వారి వలననే జరుగుచున్నది.

 ఈ గ్రంథాలయము రజతోత్సవమునుండి స్వర్ణోత్సవమునకు, స్వర్ణోత్సవమునుండి వజ్రోత్సవమునకు నడచుగాక. స్వస్తి.